ముంబయిలో వందేళ్ళు దాటిన కమర్షియల్ లా ఫర్మ్ నుంచి ఇంటర్వ్యూ కాల్ వచ్చింది, లోపల అసలు పనేంటి?

దువ్వాడ అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. నేను వైజాగ్‌లో ఐదేళ్ళ లా కోర్సు చదువుతున్నా, ఇది ఆఖరి ఏడు. పోయిన నెల ముంబయి ఫోర్ట్ ఏరియాలో ఉన్న ఒక పాత లా ఫర్మ్‌కి అప్లై చేశా, వందేళ్ళు దాటిన ఫర్మ్, పేరు ఇక్కడ పెట్టను, ఈ నెల 14న ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది. వెబ్‌సైట్ తెరిస్తే ముందు "మేము ప్రచారం చేసుకోవట్లేదు, ఒప్పుకుంటున్నాను" అని ఒక బటన్ నొక్కమంటుంది, నొక్కాక బ్యాంకింగ్, మెర్జర్స్, రియల్ ఎస్టేట్ అని పేర్లు తప్ప రోజూ ఏం చేస్తారో ఎక్కడా రాయలేదు. మా నాన్న అనకాపల్లి కోర్టులో ఇరవై ఆరేళ్ళుగా ప్రాక్టీస్, ఆయనకి ఇది అస్సలు ఇష్టం లేదు, లాయర్ అన్నాక కోర్టులో నిలబడాలి గానీ ఆఫీసులో కూర్చుని కంపెనీల కాగితాలు దిద్దితే ఏమొస్తుంది అంటారు, ఆయన మాట తీసెయ్యలేను, అలాగని ఈ అవకాశం వదులుకోవాలనీ లేదు. అక్కడ పని చేసినవాళ్ళు, లేదా అలాంటి ఫర్మ్‌లతో పని చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. జీతం గురించి కాదు, పని గురించి.

ఫోర్ట్ తెలుగోడు:

ముందు కంగ్రాట్స్ అమ్మా. మాది టెక్కలి, పదమూడేళ్ళుగా ముంబయిలో ఇదే పని, ఇలాంటి పాత ఫర్మ్‌లోనే మొదలుపెట్టా కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ఆ బటన్ సంగతి ముందు చెప్తా. బార్ కౌన్సిల్ రూల్ 36 ప్రకారం మనం ప్రచారం చేసుకోకూడదు, 2008లో సవరించి పేరు, అడ్రస్, ఎన్‌రోల్‌మెంట్, చదువు, ఏ రంగంలో ప్రాక్టీస్ అన్నంతవరకు వెబ్‌సైట్‌లో పెట్టుకోనిచ్చారు, అందుకే నీకు అక్కడ ఏమీ దొరకలేదు, దాచిపెట్టి కాదు.

ఈ ఫర్మ్‌లు ఎక్కువగా బొంబాయి కలకత్తాల్లో ఎందుకు పుట్టాయంటే, అక్కడి హైకోర్టుల్లో కేసులు నేరుగా మొదలయ్యే విభాగం, ఒరిజినల్ సైడ్‌లో క్లయింట్ నేరుగా బారిస్టర్ దగ్గరికి వెళ్ళే పద్ధతి ఉండేది కాదు, మధ్యలో సొలిసిటర్ ఉండాలి, కలకత్తాలో అటార్నీ అనేవాళ్ళు. కేసు తయారుచేసి, కాగితాలు రాసి, క్లయింట్ తరఫున ఉత్తరాలు నడిపేది ఈయన, లేచి వాదించేది ఆయన. మిల్లులు, షిప్పింగ్ కంపెనీలు, బ్యాంకులు చాలావాటి హెడ్డాఫీసులు ఆ ఊళ్ళలోనే కాబట్టి వాళ్ళ లీజులు, అప్పు పత్రాలు, భాగస్వామ్యాలు అన్నీ ఈ సొలిసిటర్ల బల్లల మీద నుంచే పోయేవి. క్రాఫర్డ్ బేలీ 1830 నాటిది, లిటిల్ అండ్ కో 1856, ముల్లా అండ్ ముల్లా 1895, కలకత్తాలో ఖైతాన్ 1911. ఆ ఖైతాన్ ఫర్మ్ పెట్టిన దేవీ ప్రసాద్ ఖైతాన్ మన రాజ్యాంగం డ్రాఫ్టింగ్ కమిటీలో మెంబరు, 1948లో ఆయన పోయాక ఆ స్థానంలోకి టి.టి. కృష్ణమాచారి వచ్చారు. 1976లో అడ్వకేట్స్ యాక్ట్ సవరించి ఈ రెండు రకాల పద్ధతి తీసేశారు, ఇప్పుడు అందరం అడ్వకేట్లమే, కానీ బొంబాయి ఇన్‌కార్పొరేటెడ్ లా సొసైటీ వాళ్ళు సొలిసిటర్ పరీక్ష ఇంకా పెడుతున్నారు, తప్పనిసరి కాదు, అయినా పాత ఫర్మ్‌లలో దానికి ఈరోజుకీ గౌరవం ఉంది, నువ్వు వెళ్తే సీనియర్లు దాని గురించి అడుగుతారు చూడు.

ఇంకోటి, చాలామందికి తెలియదు. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ (టీపీ యాక్ట్, ఆస్తి బదిలీ చట్టం) సెక్షన్ 58(ఎఫ్) ఒకసారి తీసి చదువు. దస్తావేజులు (డీడ్‌లు) బ్యాంకులో డిపాజిట్ చేసి తనఖా పెట్టడం చట్టంలో మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి పేర్లతోనే ఉంది, మిగతా ఊళ్ళు ప్రభుత్వం నోటిఫై చేస్తేనే. స్థలం ఎక్కడున్నా ఫర్వాలేదు, డీడ్‌లు ఇచ్చే ఊరు మాత్రం ఆ లిస్టులో ఉండాలి. అందుకని నోటిఫై కాని ఊళ్ళ ఫ్యాక్టరీల ఓనర్లు ట్రంకు పెట్టెలో డీడ్‌లు పెట్టుకుని రైలెక్కి ఆ మహానగరాలకి వెళ్ళి డిపాజిట్ చేసేవాళ్ళు. డీడ్ రూమ్ అని పాత ఫర్మ్‌లలో ఒక గది ఉంటుంది, అలాంటి డీడ్‌లు దాచడానికి.

ఇక నీ అసలు ప్రశ్న. నేను చేరిన మొదటి ఏడాది, 2012లో, ఒక బ్యాంకు ఆంధ్రాలో ఉన్న ఫ్యాక్టరీకి లోన్ ఇస్తోంది, ఆ టీమ్ మొత్తంలో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మా పార్ట్‌నర్ అరవై చిల్లర డాక్యుమెంట్ల కట్ట నా బల్ల మీద పెట్టించారు. లింకు డాక్యుమెంట్లు (వెనకటి దస్తావేజులు), ఈసీలు (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితాలు), అడంగల్, 1బీ అనే రెవెన్యూ రికార్డులు, సర్వే కొలతలు చూపే ఎఫ్ఎంబీ స్కెచ్‌లు, జమీందారీ ఊరు కాబట్టి 1948 ఎస్టేట్స్ అబాలిషన్ చట్టం కింద ఇచ్చిన రైత్వారీ పట్టా (ప్రభుత్వం నేరుగా రైతుకి ఇచ్చిన హక్కు పత్రం), ఫెయిర్ అడంగల్ (అప్పటి సెటిల్‌మెంట్ రికార్డు). మూడు వారాలు అదే పని, ప్రతి డీడ్‌లో అమ్మినవాడికి ఆ హక్కు ముందు డీడ్ నుంచి వచ్చిందా, విస్తీర్ణం కలుస్తోందా, హద్దులు కలుస్తున్నాయా అని ఒక పెద్ద చార్ట్ వేశా. రెండు దొరికాయి. ఒకటి 1983 డీడ్, తండ్రి పోయాక తల్లి తన వాటాతో పాటు తొమ్మిదేళ్ళ కొడుకు వాటా కూడా అమ్మేసింది, కోర్టు పర్మిషన్ లేదు. హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్ సెక్షన్ 8 ప్రకారం ఆ పిల్లాడు తర్వాత ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు, నేను పరుగున వెళ్ళి టైటిల్ పోయింది సార్ అన్నా. ఆయన కూర్చోబెట్టి, ఆ అబ్బాయికి పద్దెనిమిది ఎప్పుడొచ్చాయి, దావా వేసే మూడేళ్ళ గడువు (లిమిటేషన్) ఎప్పటికి అయిపోయింది, ఆ లోపు ఏమైనా దావా పడిందా అని వరసగా అడిగారు, 1995కే గడువు అయిపోయింది, దావా లేదు. రిపోర్ట్‌లో రాయాలి, కానీ లోన్ ఆపక్కర్లేదు. రెండోది నేను పెద్దగా పట్టించుకోకుండా చార్ట్ చివర్లో రాసిన నాలుగు ఎకరాలు, సరిగ్గా బాయిలర్ షెడ్ వెనక, డి పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి. ఆయన అక్కడ ఆగిపోయారు. అప్పటికున్న 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి కొంటే ఆ కొనుగోలు చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు, అందులోంచే ఫ్యాక్టరీ ప్రహరీ, పైపు లైన్ రెండూ వెళ్తున్నాయి. చివరికి ఆ నాలుగెకరాలు సెక్యూరిటీలోంచి తీసేసి, లోన్ మొత్తం తగ్గించి, పైపు లైన్ జిరాయితీ (సొంత పట్టా) భూమిలోకి మార్చాకే మిగతా డబ్బు వదలాలని షరతు రాశాం. ఏది చూసి భయపడాలో ఏది చూసి పడక్కర్లేదో ఆ రోజు నేర్చుకున్నా, ఇప్పటికీ నేను చేసేది అదే.

మిగతా పని త్వరగా చెప్తా. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంటే వాళ్ళ కాంట్రాక్టులు, లైసెన్సులు, కేసులు, ఉద్యోగుల పీఎఫ్ దాకా అన్నీ చదివి రిపోర్ట్, తర్వాత షేర్ పర్చేజ్ అగ్రిమెంట్, అందులో అమ్మేవాడు ఇచ్చే హామీలు, అవి తప్పైతే ఎంతవరకు నష్టపరిహారం, ఎన్నేళ్ళ వరకు అని వారాల తరబడి రెండు వైపులా కొట్టుకోవడం. లోన్ అయితే ఛార్జ్ (ఆస్తి మీద బ్యాంకు హక్కు) 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ (ఆర్‌ఓసీ) దగ్గర రిజిస్టర్ అయిందా చూడాలి, అది ఆలస్యమై గడువులన్నీ దాటిపోతే రేపు కంపెనీ, ఆస్తులు అమ్మి మూసేసే లిక్విడేషన్‌కి వెళ్ళినప్పుడు లిక్విడేటర్ ఆ సెక్యూరిటీని లెక్కలోకే తీసుకోడు, వందల కోట్లు ఒక్క ఫారం మీద ఆధారపడి ఉంటాయి. డీల్ పూర్తయ్యే రోజు (క్లోజింగ్) ముందు రాత్రిళ్ళు నిద్ర ఉండదు, అది అబద్ధం చెప్పను. ఆరు నిమిషాలు ఒక యూనిట్‌గా రోజంతా టైమ్‌షీట్ రాయాలి, అది అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది.

మియాపూర్ ఇన్‌హౌస్:

నేను హైదరాబాద్‌ల ఒక ఫార్మా కంపెనీ లీగల్ టీమ్‌ల ఉన్న, అంటే ఈ ఫర్మ్‌లకి బిల్లు కట్టే సైడు. పైన అన్న చెప్పింది కరెక్టే గానీ క్లయింట్ కాడికెళ్ళి చూస్తే ఎట్లుంటదో నేను చెప్త.

మా అసొంటి కంపెనీ పాత ఫర్మ్ దగ్గరికి ఎందుకు పోతదంటే, మొదటి కారణం అవతలి బ్యాంకు వాళ్ళ ఒపీనియన్ అడుగుతది. విదేశీ లెండర్ అయితే మరీ, "ఈ అగ్రిమెంట్ ఇండియాల చెల్లుతది, కంపెనీకి సంతకం పెట్టే అధికారం ఉంది" అని ఫర్మ్ లెటర్‌హెడ్ మీద రాసిస్తేనే పైసలు వదులుతడు. ఆ లెటర్ ఆరు పేజీలు ఉంటది, అండ్ల ప్రతి లైన్‌కి ఫర్మ్ బాధ్యత, అందుకే వాళ్ళు మా బోర్డ్ రెజల్యూషన్‌ల ఒక్క తేదీ తప్పున్నా తిప్పి పంపుతరు. మొదట్ల నాకు చిరాకొచ్చేది, ఇప్పుడు నేనే మా సెక్రటేరియల్ వాళ్ళని అట్ల తిప్పి పంపుతున్న.

రెండోది జ్ఞాపకం. మా ప్లాంట్ భూమికి 1954-55 ఖాస్రా పహాణీ (పాత రెవెన్యూ రికార్డు) నుంచి టైటిల్ చూసిన ఫర్మ్ ఇరవై ఏండ్ల కింద రాసిన రిపోర్ట్ వాళ్ళ కాడ ఉంది, మా కాడ లేదు, ఆఫీసు మారినప్పుడు పోయింది. మళ్ళ లోన్ తీసుకునేటప్పుడు వాళ్ళు దాన్ని తీసి, ఆడికెల్లి ఇప్పటిదాకా మాత్రమే చూసిన్రు, రెండు నెలల పని పది రోజుల్ల అయింది. అండ్లనే 38-ఈ సర్టిఫికెట్ (రక్షిత కౌలుదారుకి భూమి హక్కిచ్చే కాయిదం) ఒకటి పెండింగ్ ఉందని నోట్ ఉండె, మాకు ఎవరికీ యాది లేదు.

బాధ కూడా చెప్పాలె. ఇంకో ఫర్మ్‌తోని పని చేసినప్పుడు, పేరు వద్దు, మీటింగ్‌ల పెద్ద పార్ట్‌నర్ కూసున్నడు, తర్వాత పని అంతా చేసింది మొదటి ఏడాది పిల్లలు, మూడు నెలల్ల ముగ్గురు మారిన్రు, వచ్చినోళ్ళకల్లా మా బిజినెస్ మళ్ళ మొదటికెల్లి చెప్పాల్సి వచ్చింది, వాళ్ళు నేర్చుకున్న టైమ్‌కి కూడా మాకు బిల్లు. చెల్లె, నువ్వు చేరినంక నీకిచ్చిన ఫైల్ సగంల వదిలి పోవాల్సి వస్తే తర్వాత వచ్చేటోళ్ళకి రెండు పేజీల నోట్ రాసి పెట్టు, క్లయింట్ నిన్ను పేరు పెట్టి అడుగుతడు.

ఇంకో ముఖ్యమైనది. రేపు ఫర్మ్ నుంచి నా లెక్క కంపెనీలకి వస్తే రూల్ 49 గుర్తు పెట్టుకో, ఫుల్ టైమ్ జీతం ఉద్యోగి అడ్వకేట్‌గా ప్రాక్టీస్ చెయ్యొద్దు, సనద్ (ప్రాక్టీస్ లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలె. మీ నాయినకి ఇది ముందే చెప్పు, తర్వాత తెలిస్తే ఎక్కువ బాధ పడతడు.

కాకినాడ ప్లీడర్:

అమ్మా, నేను మీ నాన్నగారి వయసు వాణ్ణే, ముప్పై ఏళ్ళు దాటింది ఈ కోర్టులకి వచ్చి. ఆయన బాధ నాకు తెలుసు. నా జూనియర్లలో మంచివాళ్ళు అనుకున్న ఇద్దరూ ఇలాగే వెళ్ళిపోయారు, ఆ రెండు కుర్చీలూ కొన్నాళ్ళు ఖాళీగానే ఉంచా.

అయినా నిన్ను వెళ్ళమనే చెప్తాను, కారణం ఒక కేసు. మా దగ్గర ఒక రైస్ మిల్లు ఆయన, బయట రాష్ట్రం కంపెనీ దగ్గర కలర్ సార్టెక్స్ (రంగు చూసి బియ్యం ఏరే) మిషన్ కొన్నాడు, వాళ్ళిచ్చిన పదహారు పేజీల ఇంగ్లీషు అగ్రిమెంట్ మీద ప్రతి పేజీకీ సంతకం పెట్టాడు, ఒక్క పేజీ చదవలేదు, చదివి చెప్పేవాళ్ళూ లేరు. మిషన్ నాలుగు నెలలకి ఆగింది. నా దగ్గరికి వచ్చి ఇక్కడ దావా వేద్దామంటాడు, తీరా చూస్తే ఆర్బిట్రేషన్ క్లాజు (కోర్టు బదులు మధ్యవర్తి తేల్చే షరతు), సీటు, అంటే దాని చట్టపరమైన స్థానం, ముంబయి, ఆర్బిట్రేటర్ ఫీజులో సగం మనమే పెట్టుకోవాలి. మిషన్ మీద పోయింది రెండు లక్షల చిల్లర, అక్కడికి వెళ్ళి కొట్లాడితే అంతకు మించి అవుతుంది, వదిలేసుకున్నాడు. ఆ క్లాజు రాసినవాడు ఏదో పెద్ద ఫర్మ్ డ్రాఫ్ట్‌లోంచి కాపీ కొట్టినట్టు స్పష్టంగా తెలుస్తోంది, ఎందుకంటే అందులో ఓడ సరుకు గురించి ఒక పేరా అలాగే మిగిలిపోయింది. ఆ క్లాజు ఎందుకు అలా రాస్తారో, ఎక్కడ మార్చమని అడగొచ్చో తెలిసినవాళ్ళు మా జిల్లాల్లో కావాలమ్మా.

కోర్టు కూడా మారుతోంది, మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. కమర్షియల్ కోర్ట్స్ యాక్ట్ 2015లో వచ్చినప్పుడు కోటి రూపాయల పైన కేసులకే, 2018లో దాన్ని మూడు లక్షలకి దించారు, విశాఖలో, విజయవాడలో ప్రత్యేక కోర్టులు ఉన్నాయి. అర్జెంటు రిలీఫ్ అడగకపోతే ముందు మీడియేషన్‌కి వెళ్ళాల్సిందే, రిటెన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది రాతపూర్వక జవాబు) 120 రోజులు దాటితే జడ్జిగారు కూడా తీసుకోలేరు. వాయిదాల మీద నడిపే పాత పద్ధతి ఆ కోర్టులో నడవదు, మొదటి రోజే డాక్యుమెంట్లన్నీ పెట్టాలి. కాగితం పని తెలిసినవాళ్ళే అక్కడ నెగ్గుతారు.

మీ ఊరి ఉదాహరణే ఇంకోటి. దివాలా చట్టం కింద దేశంలో మొట్టమొదట రిజల్యూషన్ ప్లాన్ (అప్పుల్లో ఉన్న కంపెనీని నిలబెట్టే పథకం) ఆమోదం పొందింది విశాఖ కంపెనీకే, కార్లకి అల్యూమినియం చక్రాలు చేసే సినర్జీస్ డూరే, 2017 ఆగస్టు 2న హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రైబ్యునల్) ఆర్డర్. దాదాపు 970 కోట్ల క్లెయిమ్‌లకి 55 కోట్ల లోపే వచ్చింది. దానిమీద గొడవంతా ఏమిటంటే, రిలేటెడ్ కంపెనీ (దానికే సంబంధించిన ఇంకో కంపెనీ) తనకి రావలసిన అప్పుని ఒక ఫైనాన్స్ కంపెనీకి అసైన్ చేసింది, అంటే రాసిచ్చింది, రిలేటెడ్ పార్టీకి అప్పులిచ్చినవాళ్ళ కమిటీలో ఓటు ఉండదు గదా, ఆ ఓటు కోసమే ఈ అసైన్‌మెంట్ అని ఇంకో లెండర్ వాదన. అప్పీల్ దాకా వెళ్ళింది, ప్లాన్ నిలబడింది. అంత పెద్ద వ్యవహారం రెండు మూడు అసైన్‌మెంట్ డీడ్‌ల చుట్టూ తిరిగింది. నాన్నగారికి ఈ కేసు చదివి వినిపించు, కోర్టూ కాగితమూ ఎక్కడ కలుస్తాయో ఆయనే చెప్తారు.

దువ్వాడ అమ్మాయి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నిన్న రాత్రి కాకినాడ ప్లీడర్ గారి మెసేజ్ నాన్నకి చదివి వినిపించా, కుర్చీలు ఖాళీగా ఉంచానన్న దగ్గర కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత సినర్జీస్ ఆర్డర్ ప్రింట్ తీసుకురమ్మన్నారు, పొద్దున్న కాఫీ తాగుతూ పెన్సిల్‌తో గీతలు పెడుతున్నారు. వెళ్ళమని ఇంకా అనలేదు. ఫోర్ట్ అన్నయ్యా, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, పది రోజుల్లో ఏం చదవను?

ఫోర్ట్ తెలుగోడు:

సెక్షన్లు బట్టీ పట్టకు. మా దగ్గర అయితే ఒక పేజీ డ్రాఫ్ట్ చేతికిచ్చి, పక్క గదిలో అరగంట కూర్చోమని, ఇందులో నీ క్లయింట్‌కి ఇబ్బంది ఏమిటో చెప్పమంటాం. కాంట్రాక్ట్ యాక్ట్, టీపీ యాక్ట్ మళ్ళీ ఒకసారి చూడు చాలు. దానికన్నా నాన్నగారి బీరువాలో ఒక పాత క్రయ దస్తావేజు అడిగి తీసుకో, షెడ్యూల్ (చివర్లో ఉండే ఆస్తి వివరాలు) నుంచి వెనక్కి చదువు, హద్దులు కాగితం మీద గీసి చూడు, ఎవరు ఎవరికి ఏ హక్కుతో అమ్ముతున్నారో ఒక్క వాక్యంలో రాయి. రోజుకొకటి. తెలుగు డీడ్ చదవగలగడం అక్కడ నీకు మాత్రమే ఉండే బలం, దాన్ని తక్కువ చేసుకోకు.

దువ్వాడ అమ్మాయి:

అన్నయ్యా, నాన్నే ఇచ్చారు ఒకటి, 1961 నాటిది, చేతిరాత. "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములను అష్టభోగములతో సహా" అని ఉంది, ఇంకో చోట "మజుకూరు గ్రామ" అని. వీటికి ఇప్పుడు ఏమైనా విలువ ఉందా?

ఫోర్ట్ తెలుగోడు:

మజుకూరు అంటే పైన చెప్పిన అని. అష్టభోగాలు అంటే భూమితో పాటు వచ్చే ఎనిమిది రకాల హక్కులు, పాతిపెట్టిన సొమ్ము, నీళ్ళు, రాళ్ళు, ఇప్పటికే వస్తున్న ఫలం, ఇకముందు రాబోయే ఫలం ఇలా. మేము ఇంగ్లీషు డీడ్‌లలో చెట్లు, నీటి కాలవలు, దారి హక్కులు సహా అని నాలుగు లైన్లు రాసే దానికి మనవాళ్ళ మాట ఇది. ఇప్పుడు టీపీ యాక్ట్ సెక్షన్ 8 ఉంది కాబట్టి అమ్మినవాడు వేరేగా చెప్పకపోతే అతనికున్న హక్కంతా వెళ్ళిపోతుంది, ఆ మాట రాయకపోయినా. కానీ ఒక డీడ్‌లో ఉండి తర్వాత డీడ్‌లో లేకపోతే ఆగి చూడు, నీళ్ళో దారో మధ్యలో ఎవరైనా మిగుల్చుకున్నారేమో.

కాకినాడ ప్లీడర్:

ఆ కాగితం వెనక్కి తిప్పి స్టాంపు వెండర్ రాసింది కూడా చూడమ్మా, స్టాంపు ఎవరి పేరున కొన్నారు, ఆ తేదీ డీడ్ తేదీకి ముందే ఉందా లేదా.